హుజూర్‌నగర్ ప్రాంత గృహాలలో సహభోజనం: పిల్లల పక్షాన ఒక చారిత్రక పరిశీలన

కుటుంబ ఆదివారాన నూట ఇరవై ఎనిమిదవ కీర్తన మీద ప్రసంగించని సంఘకాపరి మన ప్రాంతంలో అరుదు. బల్లచుట్టూ ఒలీవ మొక్కలవలె కూర్చున్న పిల్లలను వర్ణించిన తరువాత ప్రసంగం సాధారణంగా ఒకే దారిలో సాగుతుంది. ఒకప్పుడు మన కుటుంబాలు కలిసి భోంచేసేవి, టెలివిజన్ వచ్చి దానిని చెడగొట్టింది, సెల్‌ఫోన్ వచ్చి పూర్తిగా నాశనం చేసింది, కనుక మనం తిరిగి ఆ పూర్వపు మంచి అలవాటుకు రావాలి. ఇందులో చివరి మాటతో మాకు పేచీ లేదు. మొదటి మాటనే ఈ వ్యాసంలో పరిశీలించదలిచాము. ఒకప్పుడు అంటే ఎప్పుడు? ఎవరి ఇంట్లో? ఆ ఇంటి పిల్లలకు ఆ భోజనం ఎలా ఉండేది?

మా పరిశీలనకు హుజూర్‌నగర్ పాత తాలూకాను, దాని చుట్టూ ఉన్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలను తీసుకున్నాము. ఇవన్నీ పూర్వపు నల్లగొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగినప్పుడు మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది, మిగిలినవి సూర్యాపేట జిల్లా అయ్యాయి. మేము చేరిన అభిప్రాయాన్ని ముందే చెప్పడం మంచిది. నేడు మన ఆరాధనలో కూర్చునే విశ్వాసులలో ఎక్కువమంది పూర్వికుల ఇళ్ళలో, తల్లి తండ్రి పిల్లలు ఒకే వేళకు కూర్చుని తినే భోజనం అనుదిన ఆచారంగా లేదు. పోగొట్టుకున్నదానిని తిరిగి తెచ్చుకోమని మనం చెబుతున్నది వారి పూర్వికులకు ఎన్నడూ దక్కని దానిని గురించి. ఇది చిన్న సవరణగా కనిపించవచ్చు. కాని నాట్ల కూలికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే తల్లి ఆ ప్రసంగం విన్నప్పుడు, తన ఇంటి లోటుకు తానే కారణమని తల దించుకుంటుంది. నిజం అది కానప్పుడు ఆ భారాన్ని ఆమె మీద పెట్టడం కాపరి పని కాదు.

ఆధారాల విషయం ఒక మాట. పిల్లలు చరిత్రకు కాగితాలు వదిలిపోరు. మిషను నివేదికలు ఎందరు పిల్లలు బడికి వచ్చారో లెక్క చెబుతాయి, ప్రభుత్వ నివేదికలు ఎన్ని భోజనాలు వడ్డించారో చెబుతాయి. 2004-05లోను 2011-12లోను జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో, ఇంట్లో ఎవరు ముందు తింటారు, ఆడవారు మగవారితో కలిసి తింటారా అన్న ప్రశ్న ఉంది. అది చాలా విలువైన ప్రశ్నే, కాని దానిని అడిగింది వివాహిత స్త్రీలను. పిల్లల వైపు నుండి వినాలంటే మనకు మిగిలేవి పెద్దలు చెప్పుకునే బాల్యం, కొందరు రాసిపెట్టిన జ్ఞాపకాలు, ఇంకా నడుస్తున్న ఆచారాలు మాత్రమే. బాల్య జ్ఞాపకం కాలంతో తీపెక్కుతుందని గుర్తుంచుకునే వాటిని వాడుకోవాలి.

బల్ల అనే మాట

కీర్తనలోని బల్ల అన్న తర్జుమా మన ఊహను కొంత దారి తప్పించింది. అక్కడ ఉన్న హెబ్రీ పదం శుల్హాన్. నేల మీద పరిచే తోలు అన్న అర్థం నుండి అది వచ్చిందని పాత నిఘంటుకారులు కొందరు చెప్పేవారు, పండితులందరూ దానిని ఒప్పుకోరు. ఏదైనా, నాలుగు కాళ్ళ బల్ల, దాని చుట్టూ కుర్చీలు అన్న చిత్రం మనకు వచ్చింది మిషను బంగళా నుండి, పాశ్చాత్య బైబిలు బొమ్మల నుండి. ఆ బంగళా ఆచారం కూడా పాశ్చాత్య దేశాలన్నింటా ఒకే తీరున ఉండేది కాదు. లూథరు 1529లో వెలువరించిన చిన్న ప్రశ్నోత్తరిలో ఇంటి యజమాని తన పిల్లలకు భోజనానికి ముందు, తరువాత చేయవలసిన ప్రార్థనలు నేర్పాలని ఒక భాగమే ఉంది. మరోవైపు, పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండు సంపన్న గృహాలలో చిన్నపిల్లలు ఆయాల దగ్గర వేరే గదిలో తినేవారు, పెద్దల బల్ల దగ్గరికి వారికి ప్రవేశం ఉండేది కాదు. కలిసి తినడం క్రైస్తవ దేశాల పురాతన సంప్రదాయమని మనవాళ్ళు కొందరు చెప్పడం వింటాము. అది అంత సూటి విషయం కాదు.

మన తెలుగు సంఘాలలో బల్ల అంటే మొదట గుర్తొచ్చేది ఇంటి భోజనం కాదు. బల్ల తీసుకున్నావా అంటే ప్రభురాత్రి భోజనంలో పాలుపొందావా అని అర్థం. ఈ సంగతికి మళ్ళీ వస్తాము.

కాలువకు ముందు

కృష్ణ ఒడ్డున ఉన్నా ఈ ప్రాంతం చాలాకాలం మెట్ట ప్రాంతమే. చెరువు కింద భూమి ఉన్నవాడికి వరి, మిగిలినవారికి జొన్న, సజ్జ. కూలి ఇళ్ళలో తిండి అంటే జొన్న గటక, అంబలి, తొక్కు, ఉంటే పచ్చిపులుసు. వంట సాధారణంగా రోజుకొక్కసారి, సాయంత్రం. రాత్రి మిగిలినదే మరునాటి సద్ది. తండ్రి మోట దగ్గరికో దొర గడీ దగ్గరికో తెల్లవారకముందే పోతాడు. తల్లి కలుపుకు పోతుంది. పిల్లలు ఆకలైనప్పుడు కుండలో చేయి పెట్టి ఉన్నది తింటారు. కాస్త పెద్దవాడైన మగపిల్లవాడు పసులు కాయడానికి ఆసామి ఇంట జీతానికి కుదిరితే, అతని తిండి ఆ ఇంటి పశువుల కొట్టం దగ్గర, ఆకులోనో తనకని వేరే పెట్టిన గిన్నెలోనో. ఆ ఇంటి పిల్లలు లోపల తింటున్న చప్పుడు అతనికి వినబడుతూనే ఉంటుంది. మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో సురోఫెనికయ స్త్రీ పిల్లల బల్ల కింద పడే ముక్కల మాట ఎత్తుతుంది. ఆ వాక్యభాగం మీద మనం విశ్వాసం గురించి బోధిస్తాము గాని, ఆ మాటల్లోని దృశ్యాన్ని మన ప్రాంతపు జీతగాడి కళ్ళతో చదవడం తక్కువ. వెట్టిచాకిరి నిర్మూలనకు దేశమంతటికీ చట్టం వచ్చింది 1976లో. పిల్లల జీతాలు ఆ తరువాత కూడా చాలాకాలం సాగాయి.

గోడకు లోపల కూర్చున్న పిల్లలు ఏమనుకునేవారు? ఇక్కడ మనకు ఒక అరుదైన సాక్ష్యం ఉంది. తుంగతుర్తి ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం, తరువాత తెలంగాణ సాయుధ పోరాటంలో దళ నాయకురాలిగా, 1978, 1983 ఎన్నికలలో తుంగతుర్తి శాసనసభ్యురాలిగా ప్రసిద్ధురాలు. 2022 మార్చిలో మరణించారు. పదేళ్ళ వయసు దాటీ దాటకముందే, ఆంధ్ర మహాసభ వెట్టికి వ్యతిరేకంగా ఇచ్చిన పిలుపు విని, ఆమె ఇంటి కట్టుబాటును దాటి వెట్టివారికి బియ్యం పంచారు. ఆమె ప్రజాజీవితానికి అదే మొదలు. ఈ సంఘటనను రాజకీయ చరిత్రకారులు పోరాటానికి నాందిగా చెబుతారు. మాకు అందులో మరొక సంగతి కనిపిస్తుంది. తన ఇంటి వంటశాలలోని బియ్యానికీ, ఆ వడ్లు దంచిన చేతుల ఆకలికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ ఇంటి పెద్దలు చూడలేదు, పిల్ల చూసింది. ఎవరు తింటున్నారు, ఎవరు తినడం లేదు అన్నది పిల్లలు గమనించే మొదటి న్యాయశాస్త్రం అనిపిస్తుంది. కూలి ఇంటి పిల్లలైనా అంతే. వారు గమనించేది అమ్మను. అమ్మ చివర తింటుంది, కుండ అడుగున మిగిలినది తింటుంది, మిగలకపోతే నీళ్ళు తాగి పడుకుంటుంది. మన సంఘాలలో పెద్దవారిని వారి చిన్ననాటి తిండి గురించి అడిగి చూడండి. కూర రుచి చెప్పకముందు అమ్మ సంగతి చెబుతారు.

అయితే కలిసి తినడం అసలే లేదా అంటే, ఉంది. రెండు రూపాలలో ఉంది, రెండూ బల్లకు సంబంధించినవి కావు.

మొదటిది ముద్ద. సాయంత్రం వంటైన తరువాత వాకిట్లో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, ఒకే గిన్నెలో గటకనో అన్నాన్నో కలిపి, తల్లి గాని నాయనమ్మ గాని ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ముద్ద పెట్టడం. ముగ్గురికీ నలుగురికీ ఒకే గిన్నె, ఒకే చేయి, వరుసగా. ఉన్నది తక్కువైనా ఎవరికి తక్కువ పడిందో తెలియకుండా పంచే పద్ధతి అది. పేదరికం కనిపెట్టిన పద్ధతే కావచ్చు, కాని పిల్లలకు అది పేదరికంగా గుర్తుండదు. తెలుగు ఇళ్ళన్నింటా ఈ ఆచారం ఎంత బలమైనదో చెప్పడానికి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో బడి భోజనానికి గోరుముద్ద అని పేరు పెట్టుకోవడమే చాలు. 2024లో ఆ పేరు మారింది, అది వేరే కథ. యోహాను సువార్త పదమూడవ అధ్యాయంలో ప్రభువు ముక్క ముంచి తన చేతితో శిష్యునికి అందించడం చదివినప్పుడు, వ్యాఖ్యాన గ్రంథాలు తూర్పు దేశపు మర్యాద అని ఒక వాక్యం రాసి ముందుకు పోతాయి. ముద్ద తిని పెరిగిన విద్యార్థికి అంతకంటే ఎక్కువ అర్థమవుతుంది. ఆ ముక్క అందుకున్నది యూదా అన్న సంగతి ఇంకా ఎక్కువ కలచివేస్తుంది.

రెండవది జాతర. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్ళకొకసారి లింగమంతుల జాతర జరుగుతుంది. పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు ఏటా జనవరిలో ఉర్సు. దర్గాకు వచ్చేవారిలో ముస్లిములకంటే ఇతరులే ఎక్కువగా కనిపిస్తారు. మొక్కున్నవారు అక్కడే మేకనో గొర్రెనో కోసి కందూరు చేస్తారు. బండ్లు కట్టుకుని వచ్చి, చెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వండి, చుట్టాలందరూ కూర్చుని తింటారు. ఆ రోజు తండ్రికి పని లేదు, తల్లికి కలుపు లేదు. తండ్రి కూర్చుని తినడం, తన పక్కన తాను తినడం, తల్లి కూడా వెలుతురుండగానే తినడం ఒక కూలి ఇంటి పిల్లవాడు చూసేది ఏడాదికి ఆ ఒకటి రెండు రోజులే. పైగా మాంసం. ఈ సంగతిని తక్కువ చేసి చూడవద్దని విద్యార్థులకు మా మనవి, ఎందుకంటే తరువాత జరిగినది దీనిమీద ఆధారపడి ఉంది.

మిషను వచ్చిన తరువాత

హుజూర్‌నగర్‌కు కృష్ణ అవతలి ఒడ్డున పల్నాడు. గుంటూరు లూథరన్ మిషను స్థాపకుడు హయ్యరు 1849లోనే గురజాలకు వచ్చి పనిచేశాడు. ఇవతల నిజాం ఇలాకాలో పని ఆలస్యంగా మొదలైంది. రష్యా దేశపు మెనోనైట్ బ్రదరన్ సంఘాలు పంపిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు, అమెరికన్ బాప్టిస్టు మిషను ఆధ్వర్యంలో 1890లో నల్లగొండలో స్థిరపడ్డారు. 1900 ప్రాంతంలో సూర్యాపేట కేంద్రం ఏర్పడింది. కతోలికుల పని వేరే దారిన వచ్చింది. మఠంపల్లి వంటి చోట్ల భూమి గల రైతు కుటుంబాలలోనూ కతోలికులు ఉండడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. 1976లో నల్లగొండ కతోలిక మేత్రాసనం ఏర్పడింది. అంటే, ఆసామి ఇంట లోపల తినే పిల్లవాడూ, కొట్టం దగ్గర తినే పిల్లవాడూ ఇద్దరూ క్రీస్తు నామం ధరించినవారై ఉండే పరిస్థితి ఇక్కడ సాధ్యమైంది. ఈ విషయం మన సంఘచరిత్రలలో రాయబడలేదు.

బాప్టిస్టు సంఘాల విషయంలో, ఒంగోలు నుండి వచ్చిన క్రమశిక్షణ ముఖ్యం. క్లౌ దొరగారి జ్ఞాపకాలు, ఆయన మరణానంతరం 1914లో వెలువడిన గ్రంథంలో ఉన్నాయి. మాదిగలలో నుండి వచ్చిన తొలి విశ్వాసులకు పెట్టిన నియమాలు అందులో మూడు కనిపిస్తాయి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. మూడింటిలో ఒకటి నేరుగా తిండికి సంబంధించినది, మూడవది పరోక్షంగా తిండికి సంబంధించినదే. పెద్దలు ఈ నియమాలను గౌరవానికి మార్గంగా స్వీకరించారు. ఊరు తమను హీనంగా చూడడానికి చెప్పే సాకు ఒకటి తొలగిపోయింది. ఆ గౌరవం చిన్నది కాదు. కాని అదే ఇంటి పిల్లవాడి వైపు నుండి చూస్తే, మాంసం దొరికే దారి ఒకటి మూతపడింది, జాతరకు పోవడం ఆగిపోయింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిది, పది అధ్యాయాలను మనం మనస్సాక్షి సమస్యగా బోధిస్తాము. ఏడాదికొకసారి తండ్రి పక్కన కూర్చుని తినే రోజు పోవడం ఎనిమిదేళ్ళ పిల్లకు ఎలాంటి సమస్య అన్న కోణంలో ఎవరూ రాయలేదు.

సంఘం ఆ ఖాళీని గుర్తించిందనడానికి ఆధారం ప్రేమవిందు. క్రిస్మసుకు, సంఘ వార్షికోత్సవానికి, సువార్త సభలకు ప్రేమవిందు లేకపోతే మన పల్లెలలో అది పండుగ కాదు. దానికి ఆదిసంఘపు అగాపే విందును మూలంగా చూపిస్తాము. అది వాస్తవమే. కాని చెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి, పెద్ద గుండిగ, విస్తరాకు, వరుసగా కూర్చునే బంతి, ఇవన్నీ గట్టు మీది జాతర నుండి, దర్గా దగ్గరి కందూరు నుండి వచ్చినవని కళ్ళకు కనబడుతూనే ఉంది. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. పిల్లలకు సంఘం మీద మొదటి ప్రేమ పుట్టేది ఎక్కువగా ఈ బంతిలోనే అని కాపరులందరికీ తెలుసు, పైకి అనరు గాని.

బోర్డింగు సంగతి వేరు. మిషను బోర్డింగులో గంట కొడతారు, వరుసగా కూర్చుంటారు, ప్రార్థన చేస్తారు, తింటారు. మాల పిల్లవాడూ మాదిగ పిల్లవాడూ పక్కపక్కన తినడం వారి ఇళ్ళలో అప్పటికి సాధ్యం కాని విషయం. ఈ రెండు పేటల మధ్య భోజన సంబంధాలు లేకపోవడం మన సంఘాలను ఎంతకాలం వేధించిందో చెప్పనవసరం లేదు. దోర్నకల్ అధ్యక్షుడైన అజరయ్య 1912లో అభిషేకం పొందిన నాటి నుండి ఒకే పాత్ర, ఒకే రొట్టె అన్న విషయాన్ని ఎంతో గట్టిగా నిలబెట్టడానికి కారణం అదే. క్రైస్తవేతరులలో కూడా ఆ ప్రయత్నం జరిగింది. కృష్ణా జిల్లా ముదునూరులో గోరా పున్నమి రాత్రులలో నడిపిన సహపంక్తి భోజనాలు ప్రసిద్ధం. పెద్దలు ఉపన్యాసాలతో, తీర్మానాలతో సాధించలేని దానిని బోర్డింగు పిల్లలు ఆకలితో సాధించారు. కాని దానికి వారు ఇచ్చిన వెల ఇల్లు. పదిమందితో కలిసి తినడం నేర్చుకున్న పిల్లవాడు సెలవులకు ఇంటికి వస్తే, ఆ ఇంట్లో ఇంకా ఎవరి వేళకు వారే తింటున్నారు. చేతులు కడుక్కొని ప్రార్థన చేసుకునే తనను ఇంటివారు వింతగా చూస్తున్నారు. సహభోజనం అన్నది ఇంటి బయట దొరికే వస్తువు అన్న అనుభవం అక్కడ మొదలైంది.

నీళ్ళు, బియ్యం

నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల రూపాన్ని మార్చివేసింది. కోస్తా నుండి రైతులు వచ్చి భూములు కొన్నారు, మిర్యాలగూడలో రైసుమిల్లులు లేచాయి, గటక స్థానంలో అన్నం వచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకంతో భూమి లేని ఇంటికి కూడా అన్నం అనుదిన ఆహారమైంది.

తిండి పెరిగింది. కలిసి తినే వేళ మాత్రం పెరగలేదు, ఒక విధంగా తగ్గింది. వరికి నాట్లు, కలుపు, కోత అన్నీ ఒక్కసారిగా వస్తాయి. నాట్ల కాలంలో ముఠాలు కట్టిన ఆడవారు తెల్లవారుజామున సద్ది కట్టుకుని ఆటోలలో, ట్రాక్టర్లలో బయలుదేరితే మళ్ళీ వచ్చేది పొద్దుగూకాకే. రెండు పంటల నీరు ఉంటే ఈ తొందర ఏడాదికి రెండుసార్లు. మెట్ట కాలంలో ఇంట్లో ఏమీ లేకపోయినా ఒక ముసలమ్మ ఉండేది, ముద్దలు పెట్టేది. ఇప్పుడు ఆమె కూడా కైకిలికి పోతుంది, లేదా వేరే కాపురం ఉంటుంది. టెలివిజన్ ఈ ప్రాంతపు పేద ఇళ్ళలోకి రాకముందే ముద్ద పలచబడింది. ప్రసంగాలలో టెలివిజన్ మీద పడే నింద సగం కాలువకు, కూలి లెక్కకు చెందుతుంది.

తల్లి చివర తినడం మాత్రం జొన్నల కాలం నుండి బియ్యం కాలానికి చెక్కుచెదరకుండా వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేను నుండి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. దానికి కారణాలు అనేకం. చివర తినడం వాటిలో ఒకటని వైద్యులు చెప్పనవసరం లేదు, పిల్లలు చెప్పగలరు.

బడిలో బంతి

దేశంలో పేరెన్నికగన్న గురుకుల విద్యాలయం సర్వేలులో 1971లో మొదలైంది. అది అప్పటి నల్లగొండ జిల్లాయే. ఆ తరువాత సాంఘిక సంక్షేమ వసతిగృహాలు, గురుకులాలు విస్తరించాయి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల బడిలో వండిన భోజనం పిల్లల హక్కు అయింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుండి అమలైంది. వంటవారి నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు ఆదేశించింది. ఒకనాడు గిన్నె ముట్టనివ్వని చేతులు వండిన అన్నాన్ని ఊరి పిల్లలందరూ ఒకే వరుసలో తినాలన్న ఉద్దేశం అందులో ఉంది. కొన్ని చోట్ల తల్లిదండ్రులు అభ్యంతరపెట్టారు. పిల్లలు ఆకలి కలిగి ఉన్నారు గనుక తిన్నారు. సంఘాలు నడిపిన పిల్లల కేంద్రాలు కూడా ఈ కాలంలో ఎంతోమందికి ఒక పూట అన్నం పెట్టాయి. 2017 మార్చిలో కంపాషన్ సంస్థ భారతదేశంలో తన పని ముగించవలసి వచ్చినప్పుడు దేశవ్యాప్తంగా లక్షకు పైగా పిల్లల మీద దాని ప్రభావం పడింది.

ఇక్కడ ఒక వివరం మమ్మల్ని చాలాసేపు ఆపింది. తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి నుండి బడులలో, వసతిగృహాలలో సన్నబియ్యం వడ్డించడం మొదలుపెట్టింది. రేషను కార్డు మీద ఇంటికి ఇచ్చే బియ్యం మాత్రం దొడ్డుబియ్యమే. కార్డుదారులకు కూడా సన్నబియ్యం ఇచ్చే పథకం 2025 మార్చి 30న, ఉగాది నాడు, హుజూర్‌నగర్‌లోనే ప్రారంభమైంది. మనిషికి నెలకు ఆరు కిలోలు. అంటే పదేళ్ళపాటు, రేషను మీద బతికే ఇంటి పిల్లవాడు మధ్యాహ్నం బడిలో సన్నన్నం తిని, రాత్రి ఇంటికి వచ్చి తల్లి వండిన దొడ్డన్నం తిన్నాడు. ఇద్దరూ అదే కాలువ కింది ఊళ్ళోనే ఉన్నారు. బడిలో అన్నం బాగుందని ఇంట్లో చెప్పిన పిల్లవాడు ఉంటాడు, చెప్పకుండా దాచుకున్న పిల్లవాడూ ఉంటాడు. ఆ రెండవ పిల్లవాడి మౌనం గురించి వేదాంత విద్యార్థి ఎవరైనా ఒక సిద్ధాంత వ్యాసం రాయాలని మా కోరిక.

విదేశీ పరిశోధనల పేరుతో మన ప్రసంగాలలో తరచు వినబడే మాట ఒకటి ఉంది. కుటుంబంతో కలిసి తినే పిల్లలు మత్తుపదార్థాల జోలికి పోరు అన్నది. ఇది అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా పనిచేసిన ఒక కేంద్రం చేసిన సర్వేల నుండి వచ్చింది. 2001 నుండి అక్కడ దీనికోసం ఒక ప్రత్యేక దినం కూడా జరుపుతూ వచ్చారు. తరువాత 2012లో కెల్లీ మ్యూసిక్, ఆన్ మెయర్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఆ సంబంధాన్ని లోతుగా పరిశీలించారు. ఆదాయం, తల్లిదండ్రులతో అనుబంధం వంటి ఇతర పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే భోజనానికి ఆపాదించిన ప్రభావం చాలావరకు తగ్గిపోయిందని, పెద్దయ్యేసరికి అది నిలిచినట్టు ఆధారం పెద్దగా లేదని వారు తేల్చారు. కలిసి తినగలిగే వెసులుబాటు ఉన్న ఇల్లు మరెన్నో వెసులుబాట్లున్న ఇల్లు అయి ఉంటుంది. ఆ లెక్కను తెచ్చి నాట్ల ముఠాలోని తల్లికి వినిపించే ముందు ఈ మాట కూడా చెప్పాలి.

ప్రభువు బల్ల దగ్గర పిల్లలు

ఇంటి క్రమం ఇది: పిల్లలు ముందు, మగవారు తరువాత లేదా వారితో పాటు, తల్లి చివర. సంఘంలో బల్ల క్రమం దీనికి సరిగ్గా తలకిందులు: పెద్దలు తింటారు, పిల్లలు చూస్తారు. బాప్టిస్టు సంఘాలలో బాప్తిస్మం పొందేవరకు, మరికొన్ని సంఘాలలో నిర్ధారణ పొందేవరకు వారికి బల్ల లేదు. రొట్టె పళ్ళెం తన తలమీదుగా అమ్మకు అందడం చూసిన పిల్లవాడు, నాకెందుకు లేదు అని గట్టిగా అడగడం, తల్లి నోరు మూయడం మనమందరం చూసిన విషయమే. ఇంట్లో తనకు ముందు పెట్టి తాను ఆగే తల్లి ఇక్కడ తనకు పెట్టకుండా తింటున్నది. పిల్లవాడికి అది అర్థం కాకపోవడం సహజం.

ఆదిసంఘంలో ఇది ఇలాగే లేదు. మూడవ శతాబ్దంలో కార్తేజీ అధ్యక్షుడు సిప్రియాను విశ్వాసభ్రష్టుల గురించి రాసిన గ్రంథంలో, పాత్ర అందుకునే వేళ ఒక పసిపిల్ల ప్రవర్తనను వర్ణించాడు. పసిపిల్లలకు కూడా బల్ల ఇచ్చేవారని దానివల్ల స్పష్టమవుతుంది. తూర్పు సంఘాలు నేటికీ అలా ఇస్తున్నాయి. పడమటి సంఘంలో 1215 లాటరన్ మహాసభ వివేచనా వయస్సు అన్న కొలత పెట్టిన నాటికి ఆ ఆచారం సన్నగిల్లింది. కతోలికులలో పదవ పయస్ 1910లో ఆ వయస్సును ఏడేళ్ళ ప్రాంతానికి దించాడు. మన బాప్టిస్టు సంఘాలు తమ సిద్ధాంతాన్ని వదులుకోవాలని మేము చెప్పడం లేదు. విశ్వసించి బాప్తిస్మం పొందినవారికే బల్ల అన్నది ఆలోచించి నిలబడిన స్థానం. కాని దానిని పిల్లలకు వివరించే బాధ్యతను నోరు మూయించే తల్లులకు వదిలిపెట్టడం ఆ సిద్ధాంతంలో భాగం కాదు. నిర్గమకాండము పన్నెండవ అధ్యాయంలో పస్కా క్రమం ఇచ్చినప్పుడు, ఈ ఆచారమేమిటని పిల్లలు అడుగుతారని, అప్పుడు జవాబు చెప్పాలని ముందే నియమించబడింది. అడగడానికి పిల్లలు అక్కడ ఉన్నారు, తింటూ ఉన్నారు.

కొరింథు సంఘాన్ని పౌలు గద్దించింది కలిసి కూర్చోనందుకు కాదు. వారు కూడివచ్చారు, ఒకే చోట ఉన్నారు. కొందరు ముందే తినేశారు, కొందరు ఆకలితో ఉండిపోయారు, అదీ నేరం. అందుకని తోటివారి కోసం ఆగమన్నాడు. మన ఇళ్ళలో ఆ ఆజ్ఞను తరతరాలుగా పాటిస్తున్నది ఒక్క తల్లే. కలిసి తినండి అని మనం ఇళ్ళకు చెప్పేటప్పుడు, ఆగవలసినవారు ఎవరో కూడా పేరుపెట్టి చెప్పవలసి ఉంది.

ప్రేమవిందులో మొదటి బంతి పిల్లలకు వేయడం మన ప్రాంతపు మంచి ఆచారం. రెండవది అతిథులకు, దైవసేవకులకు, మూడవది పురుషులకు. తెల్లవారుజాము నుండి గుండిగల దగ్గర ఉన్న స్త్రీలు చివరి బంతి. అప్పటికి మాంసం అయిపోయి పులుసు మిగులుతుంది. మొదటి బంతిలో తిన్న పిల్లలు ఆ వేళకు పందిరి గుంజల దగ్గర ఆడుకుంటూ, మధ్యమధ్య వచ్చి, అమ్మా నువ్వు తిన్నవా అని అడిగిపోతుంటారు.